ఇసుర్రాయి తాకట్టు

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:6, 10-18, అపొస్తలుల కార్యములు 18:1-3



గత నెల ఈ పుటలో పరీక్షలు వ్రాసే పిల్లలను గూర్చి ధ్యానించుకొన్నాము. ఈ నెల, ఊరు విడిచి వచ్చి తమ చేతులతో ఏదో ఒక చిన్న పని పెట్టుకొని బ్రదుకుతున్న కుటుంబములను గూర్చి మాట్లాడుకొందము. అయితే ముందుగా మా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. దానిని దాచిపెట్టి ఈ సంగతి బోధించుట మాకు తగదు.

మేము సేవ చేయుచున్న తుర్కయంజాల్ సాగర్ రోడ్డు మీద ఉన్నది. ఎల్.బి. నగర్ నుండి నాగార్జునసాగర్ వైపు పోయే దారిలో బి.ఎన్. రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటి వస్తే మాసబ్ చెరువు కనబడుతుంది. అదే మా ఊరు. ఒకప్పుడు ఇక్కడ పొలములు ఉండేవి. ఇప్పుడు వెంచర్లు, అపార్టుమెంట్లు. ఆ ఇండ్లలో కాపురముండేవారు ఒకరు, వాటిని కట్టేవారు మరొకరు. కట్టేవారు అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపుల నుండియు, శ్రీకాకుళము నుండియు, ఒడిశా నుండియు వచ్చినవారు. ఆదివారపు ఆరాధనలో ముందు కుర్చీలలో ఉద్యోగస్థులు కూర్చుంటారు. వెనుక చాపల మీద వీరు కూర్చుంటారు. ఎవరును అలా కూర్చోమని చెప్పలేదు. కాని అలాగే జరుగుచున్నది.

ఆ వెనుక చాపల మీద కూర్చుండే ఒక సహోదరి సంగతి ఇది. ఆమె పేరు వ్రాయము. వ్రాయవచ్చునా అని ఆమెను అడిగితే, "పేరొద్దు అయ్యగారూ, ముచ్చట రాయుండ్రి" అని సెలవిచ్చింది.

ఆమె తాతగారి ఊరు కృష్ణానది ఒడ్డున, కొల్లాపూర్ వైపు ఉండేది. శ్రీశైలము ఆనకట్ట నీరు నిలుపుటకై 1981 లో ఈవల మహబూబ్‌నగర్ జిల్లాలోను ఆవల కర్నూలు జిల్లాలోను సుమారు నూరు గ్రామములను ఖాళీ చేయించారు. ఆ నూరింటిలో వారి ఊరు ఒకటి. చేతికి వచ్చిన నష్టపరిహారము కొంచెము, అందులో నిలిచినది ఇంకను కొంచెము. భూమి పోయినవారు మేస్త్రీ వెంట మట్టిపనికి పోయారు. ఈ దేశములో పాలమూరు కూలీల చెమట పడని ఆనకట్ట, కాలువ తక్కువ. తమ ఊరిని ముంచిన ఆనకట్టవంటివే మరికొన్ని కట్టుటకు వారు దేశమంతయు తిరిగారు. తాత అలా తిరిగాడు, తండ్రి అలా తిరిగాడు. ఈమె భర్తతో కలిసి సెంట్రింగ్ పనికి మా ఊరు వచ్చింది. ఒక ఇల్లు మూడు తరములుగా దారి మీదనే ఉన్నది.

నాలుగు సంవత్సరముల క్రితము ఆ సహోదరుడు రెండవ అంతస్తు నుండి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. పని చేయించుకొన్న యజమాని మొదటి బిల్లు కట్టి, తరువాత ఫోను ఎత్తడము మానేశాడు. ఇంటిలో ఇద్దరు ఆడపిల్లలు. అప్పుడామె ఇతరులను అడుగుకొనక, వేకువజామున అడ్డా మీద నిలిచే కూలీలకు ఇడ్లీలు అమ్ముట మొదలుపెట్టింది. ఒక పాత తోపుడు బండి, ఒక గ్యాసు పొయ్యి, రెండు ఇడ్లీ పాత్రలు. అయిదు గంటలకు బండి పెడితే ఏడు గంటలకు గిన్నెలు ఖాళీ.

గ్రైండర్ ఉంటే పిండి ఇంటనే రుబ్బుకొనవచ్చునని ఆమె మా సంఘపు సహాయ నిధిలో 15,000 రూపాయలు అప్పు అడిగింది. సంతోషముతో ఇచ్చాము. నెలకు 1,500 చొప్పున పది నెలలలో తీర్చవలెను, వడ్డీ లేదు. పాత గ్రైండర్ ఒకటి కొని, మిగిలిన సొమ్ముతో బండి చక్రములు మార్పించింది. నాలుగు నెలలు తప్పక కట్టింది. అయిదవ నెలలో భర్త కాలికి చీము పట్టి మరల ఆపరేషను అయినది. మూడు నెలలు కట్టలేకపోయింది.

అప్పుడు మా సంఘపు పెద్దలు కూడుకొన్నారు. వారిలో ఎవరును చెడ్డవారు కారు. ఇది దేవుని సొమ్ము, క్రమము ఉండవలెను, ఈమెను విడిచిపెడితే రేపు ఎవరును కట్టరు అన్నారు. బాకీ తీరేవరకు గ్రైండర్ తెచ్చి వెస్ట్రీ గదిలో ఉంచుదము అన్నారు. మినిట్స్ పుస్తకములో వ్రాసికొన్నాము. మేము సంతకము చేశాము. మరునాడు ఇద్దరు యౌవనస్థులు ఆటోలో పోయి, ఇంటిలోనికి వెళ్లి గ్రైండర్ ఎత్తుకొని వచ్చారు. పాత పాటల పుస్తకముల ప్రక్కన, బల్ల క్రింద పెట్టారు. నాలుగు నెలలు అది అక్కడనే ఉన్నది. ప్రతి ఆదివారము దాని ప్రక్కననే నిలిచి మేము అంగీ వేసికొన్నాము.

ఆ నాలుగు నెలలలో ఆ ఇంట ఏమి జరిగినదో మాకు తరువాత గాని తెలియలేదు. పిండి మర తెరిచేది ఎనిమిది గంటలకు, ఆమె గిరాకీ ఏడు గంటలకే అయిపోతుంది. గనుక ముందుటి దినము పగలే రుబ్బించి ఉంచవలెను. ఎండకాలము పిండి పులిసిపోయేది, కూలీలు ముఖము చిట్లించి ప్రక్క బండికి పోయేవారు. దుకాణములో ప్యాకెట్ పిండి కొంటే లాభము మిగిలేది కాదు. చివరకు డైలీ ఫైనాన్స్ వారి యొద్దకు పోయింది. పదివేలు అని వ్రాసికొని, ముందే 1,500 పట్టుకొని, చేతికి 8,500 ఇచ్చారు. దినమునకు 100 చొప్పున నూరు దినములు కట్టవలెను. సంవత్సరములో అలా మూడు మార్లు తిప్పితే 4,500 రూపాయలు వడ్డీకే పోవును. చేతిలో ఎన్నడును 8,500 కంటె ఎక్కువ ఉండదు, అదియు దినదినము తరుగుచుండును. భార్యాభర్తల మధ్య మాట పెరిగింది. ఇంటర్ మొదటి సంవత్సరము చదువుచున్న పెద్ద అమ్మాయి కాలేజీ మాని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణములో పనికి కుదిరింది. ఆమె ఆరాధనకు వచ్చుట మానింది. పట్టణపు గాలి సోకి చల్లారినదని మేము అనుకొన్నాము. ప్రభువు క్షమించునుగాక.

ఒక రాత్రి మా ఇంట కుటుంబ ప్రార్థనలో వరుసగా చదువుచున్న భాగము ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమునకు వచ్చినది. తిరగటిని గాని దాని పై రాతిని గాని తాకట్టు పట్టకూడదు, అది మనుష్యుని ప్రాణమునే తాకట్టు పట్టుట అని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించిన మాట అక్కడ ఉన్నది. తిరగటి అంటే ఏమిటని మా చిన్నవాడు అడిగాడు. మన పల్లెలలో ఇసుర్రాయి అంటారని మేము చెప్పుచుండగా మా ఇంటివారు మధ్యలో మెల్లగా, "ఏమండీ, మన వెస్ట్రీ గదిలో ఉన్నదేమిటి?" అన్నారు.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ రాత్రి నిద్ర రాలేదు.

దేవుడు రాతిని గూర్చి ఎందుకు మాట్లాడెను?

ఇశ్రాయేలీయుల ఇండ్లలో ఏ దినపు పిండి ఆ దినము విసురుకొనేవారు. రాయి తిరిగితే రొట్టె, తిరగకపోతే పస్తు. పై రాయి ఒక్కటి తీసికొనిపోతే చాలు, క్రింది రాయి ఇంటిలో ఉండియు ప్రయోజనము లేదు. అప్పిచ్చినవాడు, "నేను సగమే గదా తీసికొన్నాను" అని చెప్పుకొనవచ్చును. ఆ సాకు కూడ చెల్లకుండ దేవుడు పై రాతిని ప్రత్యేకముగా పేరెత్తి చెప్పెను.

అదే అధ్యాయములో 10, 11 వచనములు చూడండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు ఆ ఇంటిలోనికి పోకూడదు. బయట నిలువవలెను. ఇచ్చేది ఏమిటో ఆ ఇంటివాడే తెచ్చి ఇవ్వవలెను. బీదవాని గడపకు కూడ దేవుడు ఒక గౌరవము నియమించెను. మా యౌవనస్థులు ఆ గడప దాటి లోపలికి పోయారు, మా సంతకముతో పోయారు. తరువాతి వచనములలో బీదవాడు కప్పుకొనే వస్త్రమును సూర్యుడు క్రుంకక మునుపే తిరిగి ఇమ్మని ఉన్నది. ఆ తరువాత పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. చివరకు కారణము చెప్పబడినది: మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి, జ్ఞాపకము చేసికొనుడి అని.

అప్పు వసూలు చేయకూడదని ఈ అధ్యాయము చెప్పలేదు. ఇచ్చినది తిరిగి తీసికొనవచ్చును. అయితే ఏ వస్తువుతో ఆ మనుష్యుడు అప్పు తీర్చవలెనో ఆ వస్తువును తీసికొనకూడదు. ఇది ఎంత తేటయైన మాట! దర్జీ వానికి కుట్టుమిషను, ఆటో తోలేవానికి ఆటో, ఇస్త్రీ చేసేవానికి ఇస్త్రీపెట్టె, ఇడ్లీలమ్మే సహోదరికి గ్రైండర్. ఇవి ఈ కాలపు ఇసుర్రాళ్లు.

ఈ దేశపు చట్టము కూడ ఈ జాడలోనే కొంత దూరము నడిచినది. వీధి విక్రేతల జీవనోపాధి కొరకు 2014 లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. అధికారులు వీధి విక్రేత సరకును పట్టుకొనిపోతే, పండ్లు కూరగాయలవలె పాడైపోయే సరకును అతడు వచ్చి అడిగిన దినముననే తిరిగి ఇవ్వవలెను. పాడుకానిదైతే రెండు పనిదినములలో ఇవ్వవలెను. ఇందుకు నిర్ణయించిన రుసుము కట్టవలసియుండును. విక్రయ పత్రము పొందినవాడు తానుగాని తన కుటుంబములోనివారుగాని అమ్ముకొనవచ్చును. అతడు మరణించినను, మంచము పట్టినను, ఆ పత్రము గడువు ఉన్నంతవరకు భార్య గాని భర్త గాని, అతనిపై ఆధారపడిన బిడ్డ గాని ఆ స్థలములో అమ్మవచ్చును. అనగా బండి ఒక మనిషిది కాదు, ఒక ఇంటిది అని ఆ చట్టము గ్రహించినది. పాడైపోయే సరకును మునిసిపాలిటీవారే ఆ దినమున తిరిగి ఇవ్వవలసియుండగా, సంఘమైన మేము నాలుగు నెలలు ఉంచుకొన్నాము.

డేరాలు కుట్టిన ఇద్దరు పరదేశులు

క్రొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు మీకు తెలిసినవారే. వారు కొరింథునకు ఎందుకు వచ్చారో ఎప్పుడైనను ఆలోచించారా? యూదులందరు రోమాను విడిచి వెళ్లవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించెను. వారు వెళ్లగొట్టబడినవారు. ఇల్లు విడిచారు, ఇరుగుపొరుగు విడిచారు. అయితే చేతిపని వారి వెంట వచ్చినది. కొరింథులో డేరాలు కుట్టుకొనుచు బ్రదికారు. పౌలు కూడ ఆ వృత్తివాడే గనుక వారి యింట దిగి వారితో కూడ పనిచేసెను.

ఆ తరువాత ఏమైనదో చూడండి. ఎఫెసులో వారు అపొల్లోకు దేవుని మార్గమును విశదపరచిరి. పౌలు రోమీయులకు పత్రిక వ్రాయు నాటికి వారు మరల రోమాలో ఉన్నారు, వారి యింట సంఘము కూడుకొనుచున్నది. సూదియు దారమును చేతిలో నిలిచినందున, తరిమివేయబడిన ఇల్లు ఇతరులను చేర్చుకొనే ఇల్లయినది. కొరింథులో ఎవరైనను బాకీ క్రింద వారి పనిముట్లు పట్టుకొనిపోయి యుంటే? ఆ ఆలోచనతో మాకు భయము కలిగినది.

మరొక సంగతి. లేఖనములలో ఈ ఇద్దరి పేర్లు ఆరు చోట్ల వచ్చును. ఆరు చోట్లను ఇద్దరును కలిసియే ఉన్నారు, ఒకరిని విడిచి ఒకరు లేరు. సొంత పని పెట్టుకొన్న కుటుంబములకు ఇది గొప్ప పాఠము. మా ఊరిలో బండ్లు నిలబడిన ఇండ్లను, మూతపడిన ఇండ్లను ఇన్ని సంవత్సరములుగా చూస్తున్నాము. తేడా తరచుగా వ్యాపారములో ఉండదు, ఇంటిలో ఉంటుంది. సాయంకాలము డబ్బు ఇద్దరి ముందు లెక్కించే ఇల్లు నిలుస్తుంది. రేపటి సరకు సొమ్మును ముందుగా వేరుపరచి, తరువాత బాకీకి, తరువాత ఇంటి ఖర్చుకు తీసే ఇల్లు నిలుస్తుంది. భార్య సంపాదన తినుట అవమానమని అలిగి కూర్చుండక, కూర్చున్న చోటనే ఉల్లిపాయలు తరిగి, పప్పు ఏరి, లెక్క వ్రాసే భర్త ఉన్న ఇల్లు నిలుస్తుంది.

గ్రైండర్ తిరిగి వెళ్లిన దినము

ఆ వారమే పెద్దలను సమకూర్చి ఆ అధ్యాయము చదివాము. ఎవరును మాట్లాడలేదు. గ్రైండర్ తెద్దామని మొదట అన్న పెద్దాయనే లేచి, "పదండి అయ్యగారూ, నేనే మోసుకొస్తా" అన్నారు. ఆరాధన అయిన తరువాత ఆటోలో పెట్టుకొని పోయాము. ఈ మారు గడప బయట నిలిచాము. ఆమె లోపలికి రమ్మని పిలిచిన తరువాతనే వెళ్లాము. మేము తప్పు చేశామని చెప్పాము.

ఆమె ఏడుస్తుందేమో, లేక కోపపడుతుందేమో అనుకొన్నాము. ఆమె గ్రైండర్ మూత తీసి, లోపల రాతి మీద చేయి పెట్టి చూచి, "రాయి కొట్టియ్యాలె అయ్యగారూ, నున్నగైంది" అన్నది. అంతే. కొంచెము సేపాగి, "మీ పైసలు ఎగ్గొట్టను, గని నా తీరుగ కడ్త" అన్నది. ఆమె తీరుగానే కట్టింది. కొన్ని నెలలు 500, కొన్ని నెలలు వెయ్యి. ఒక నెల ఏమియు లేదు. చివరి రూపాయి తీరి సంవత్సరము దాటినది. డైలీ ఫైనాన్స్ కూడ విడిపించుకొన్నది.

ఇది చక్కగా ముగిసినదని మీరు అనుకొనవద్దు. పెద్ద అమ్మాయి చదువు ఆగిన ఆ సంవత్సరమును మేము తిరిగి ఇవ్వలేకపోయాము. ఆ పిల్ల ఇప్పటికిని ఆ దుకాణములోనే ఉన్నది. ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టెదమన్నాము. "చూద్దాం అయ్యగారూ" అంటుంది. తల్లి ఆరాధనకు వస్తుంది గాని ప్రతి వారము రాదు. ఆమెను ఒత్తిడి చేయుటకు మాకు నోరు రాదు. కొన్ని బాకీలు మనమే తీర్చవలసినవి ఉంటాయి, వాటికి రసీదు దొరకదు.

ఇప్పుడు మా సంఘములో ఏమి చేస్తున్నాము?

సహాయ నిధి అప్పుకు పనిముట్టును తాకట్టు పట్టకూడదని మినిట్స్‌లో వ్రాసికొన్నాము. వాయిదా తప్పితే పెద్దలు ఇద్దరు ఆ ఇంటికి పోయి, ఎందుకు తప్పినదని అడుగుతారు. సరకు పట్టుకొనిరారు. మా సంఘములో పెండ్లి గాని, కూడిక గాని జరిగితే ఉదయపు టిఫిను ఆ సహోదరి యొద్దను, ఆమెవంటి మరి ఇద్దరి యొద్దను కొంటున్నాము. ధర తగ్గించమని బేరమాడము. దానము చేయుటకంటె ధర ఇచ్చి కొనుట వారికి మేలు, మనకును మేలు.

ప్రభుత్వపు అప్పును గూర్చియు విచారించాము. వీధి విక్రేతల కొరకు పి.ఎం. స్వనిధి అను పథకము 2020 జూన్‌లో వచ్చినది. తాకట్టు అక్కరలేదు. మొదట 10,000, అది తీర్చితే 20,000, ఆపై 50,000 ఇచ్చేవారు. 2025 లో ఆ మొత్తములను 15,000, 25,000, 50,000 గా మార్చి, పథకమును 2030 మార్చి వరకు పొడిగించారు. వాయిదాలు సక్రమముగా కడితే వడ్డీలో ఏటికి 7 శాతము తిరిగి ఖాతాలో పడును. ఈ సహోదరి గ్రైండర్ కొరకు మా యొద్దకు వచ్చిన నాటికే ఈ పథకమున్నది. ఆమెకు తెలియదు, మేము విచారించలేదు. చదువుకొన్నవారము మేమే గదా! మీ సంఘములోని యౌవనస్థులు మునిసిపాలిటీ కార్యాలయమునకు పోయి, ఆధార్, బ్యాంకు ఖాతా కాగితములు సరిచూచి, ఒక్క కుటుంబమునకు దరఖాస్తు నింపి ఇస్తే అది గొప్ప పరిచర్య.

పల్లెలోని సంఘములకు ఒక మనవి. మీ పిల్లలు పట్టణమునకు బయలుదేరినప్పుడు కాపరి చేత ఒక చీటీ వ్రాయించి పంపండి. పౌలు ఫీబేను గూర్చి రోమా సంఘమునకు అలాగే వ్రాసెను. ఎవరి బిడ్డలో, ఏ పని వచ్చునో, ఎక్కడ దిగుచున్నారో తెలిస్తే ఇక్కడి సంఘము వారిని మొదటి వారముననే కలిసికొనును. మరియు, పట్టణములో బండి పెట్టుకొన్న కొడుకును పండుగకు, పెండ్లికి, బోరుకు డబ్బు పంపమని అడుగకముందు ఒక మాట ఆలోచించండి. అతని చేతిలో కనబడే సొమ్ములో ఎక్కువ భాగము రేపటి సరకుది. అది అడుగుట కూడ ఇసుర్రాయిని అడుగుటయే. మీకు పండినది ఒక మూట బియ్యము, కొంచెము చింతపండు, ఎండుమిరప పంపండి. మనుమని కొంతకాలము మీ యొద్ద ఉంచుకొని బడికి పంపండి. అది వారికి ఏ అప్పుకంటెను గొప్ప ఆసరా.

గడప ఆవలి పరదేశి

ఇంతవరకు మనవారిని గూర్చియే చెప్పుకొన్నాము. అయితే ఆ అధ్యాయములో పరదేశి కూడ ఉన్నాడు. మాకు కొద్ది దూరములో, బాలాపూర్ ప్రాంతములో, బర్మా దేశము నుండి ప్రాణభయముతో పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబములు కొన్ని వేల మంది, ముఖ్యముగా 2012 తరువాత వచ్చి, గుడిసెలలో నివసించుచున్నారు. వారు వేరొక మతస్థులు. పాత సామాను, అట్టలు ఏరుకొని అమ్ముకొంటారు. కూలికి పోతారు. కొందరు చిన్న కొట్లు పెట్టుకొన్నారు. శరణార్థులను గూర్చిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు గనుక వారికి స్థిరమైన హక్కు లేదు. పైన చెప్పిన ప్రభుత్వపు అప్పు వారికి దొరకదు. బ్యాంకు అప్పు కూడ అందనంత దూరము.

వారు మనకేమి అవుతారని ఒక సహోదరుడు అడిగాడు. మన తెలుగువారు కూడ ఒకనాడు ఆ బర్మా నుండియే పారిపోయి వచ్చినవారు. ఉత్తర కోస్తా జిల్లాల నుండి రంగూనుకు కూలికి, రేవు పనికి పోయినవారు ఎందరో. 1942 లో జపాను సైన్యము వచ్చినప్పుడు అడవులు, కొండలు దాటి కాలినడకన వచ్చారు. దారిలో అనేకులు చనిపోయారు. 1962 లో సైన్యము అధికారము పట్టి, కొద్ది సంవత్సరములలోనే దుకాణములు జాతీయము చేసినప్పుడు మరి అనేకులు ఓడలలో వచ్చారు. విశాఖపట్నములో బర్మా కాంపు అను పేరు నేటికిని ఉన్నది. మీరును దాసులై యుంటిరి అని దేవుడు ఊరకనే జ్ఞాపకము చేయలేదు. ఆ పాత సామాను ఏరేవాడు మీ గడపకు వచ్చినప్పుడు తూకములో మోసము చేయకండి, బేరములో నలుపకండి. వారిని పనికి పిలిచితే కూలి ఆ సాయంకాలమే ఇవ్వండి. ఆ అధ్యాయములో 14, 15 వచనములు అడుగుచున్నది అంతే.

ప్రియులారా, ఈ నెలలో మీ ఇంటిని ఒక మారు వెదకి చూడండి. మీ అటక మీద, మీ కొట్టులో, మీ బీరువాలో ఎవరి ఇసుర్రాయి అయినను ఉన్నదా? బాకీ క్రింద తెచ్చిన కుట్టుమిషను, నాగలి, సైకిలు, ఆటో కాగితములు? మీ బాకీని మీరు వదలుకొనవలెనని మేము చెప్పుట లేదు. ఆ వస్తువును మాత్రము సూర్యుడు క్రుంకక మునుపే వారి ఇంటికి చేర్చండి. గడప బయట నిలిచి ఇవ్వండి. మిగిలినది వారి చేతులు చూచుకొంటాయి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నీ కుమారుడు పసితనములో ఐగుప్తుకు పారిపోయిన పరదేశి. వడ్లవాని యింట పనిముట్ల మధ్య పెరిగినవాడు. మా ఊరికి వచ్చిన వారి చేతిపనిని స్థిరపరచుము. మా చేతులు వారి రాతిమీద పడకుండ మమ్మును కాపాడుము. ఆగిపోయిన బిడ్డల చదువును, మేము తీర్చలేని ఆ బాకీని నీ సన్నిధిలో పెట్టుచున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.